తార్నాక దాటని టూర్

ఆగండి, ఎక్కడికీ వెళ్ళిపోకండి, కాస్త ఇలా కూర్చుని నా మాట వినండి. ఆదివారం, ఇంకా చీకటుండగానే నేను వంటింట్లో నిలబడి పులిహోర కలుపుతున్నాను. మొన్న మామిడికాయ, నిన్న నిమ్మకాయ, ఇవాళ చింతపండు. ఎందుకంటే తెనాలి నుంచి మా అత్తగారు వెంకటరమణమ్మ గారొచ్చారు, ఆవిడ బయట మెతుకు ముట్టరు. మా ఆయన ఆత్రేయ శుక్రవారం, సోమవారం సెలవు పెట్టేసి, శనాదివారాల్ని అటూ ఇటూ సాగదీసి, "అమ్మకి హైదరాబాద్ మొత్తం చూపించేద్దాం" అన్నాడు. చూపించడం తన వంతు. వండటం, సర్దటం, మోయటం ఎవరి వంతో ఎవరూ అనలేదు. అనకుండానే నాదైపోయింది. శుక్రవారం జూపార్కులో వాళ్ళు పులిని చూస్తుంటే నేను బెంచీ మీద బ్యాగులకి కాపలా కూర్చున్నాను, కోతులొచ్చి లాక్కుపోతాయని. శనివారం గోల్కొండలో అత్తయ్య మోకాళ్ళు మెట్లెక్కనివ్వలేదు, ఆవిడకి తోడు నేను కిందే ఉండిపోయాను. అక్కడ కింద చప్పట్లు కొడితే పైదాకా వినపడుతుందట. నేనూ కొట్టాను. ఆత్రేయ, మా ఆరేళ్ళ పాప అక్షర దిగొచ్చాక దాహం అన్నారు, ఆకలి అన్నారు, చప్పట్లు వినపడ్డాయని మాత్రం ఎవరూ అనలేదు.

ఇదంతా సర్దుకునేదాన్నే, సోమవారమే లేకపోతే. సోమవారం పొద్దున యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ సెమినార్. అందులో మాట్లాడితేనే థీసిస్ తీసుకుంటారు. నెలాఖరుకి మా గైడ్ సార్ రిటైరవుతున్నారు, ఆయన వెళ్ళిపోయాక అంటే మళ్ళీ కొత్త గైడ్, మళ్ళీ మొదటికి. చూపించాల్సిన స్లైడ్లు సగం కూడా అవలేదు. ఈ మాట ఇంట్లో చెప్పాను, గొంతు పెంచి కూడా చెప్పాను. "క్యాంపస్‌లో రోజూ తెలంగాణ బందులేగా, అదీ వాయిదా పడుద్దిలే, సోమవారం నాగార్జునసాగర్ వెళ్దాం" అన్నాడు ఆత్రేయ. "చదువెక్కడికి పోద్దమ్మాయ్, నా మోకాళ్ళే వచ్చేసారికి ఉంటాయో లేదో" అన్నారు అత్తయ్య.

సరే, ఆదివారం యాదగిరిగుట్టకి బయల్దేరాం. ఆ రోజే ఊరంతా వంటా-వార్పు, తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే వండుకు తినే రోజు. అది ఆత్రేయకి తెలుసు. "మధ్యాహ్నం భోజనాలకేగా, ఆపాటికి మనం గుట్ట మీదుంటాం" అన్నాడు. మధ్యాహ్నం తినాలంటే పొద్దున్నే పొయ్యి వెలిగించాలని, ఎప్పుడూ వండని మనిషికి ఎలా తెలుస్తుంది చెప్పండి! ఇలా ఇంటి సందు దాటామో లేదో, తార్నాక చౌరస్తాలో కారు ఆగిపోయింది. రోడ్డుకడ్డంగా రాళ్ళ పొయ్యిలు, కట్టెల పొగ, మనిషి పట్టేంత గిన్నెలు, డప్పులు. వారాసిగూడ నుంచీ ముషీరాబాద్ నుంచీ జనం వస్తూనే ఉన్నారు. వెనక్కి తిప్పుదామంటే వెనకాలా బళ్ళే.

"ఏవిటే ఇది, మగాళ్ళు నడిరోడ్డు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు!" అన్నారు అత్తయ్య.

"ఇంట్లో ఎటూ తరగరు కదత్తయ్యా, రోడ్డు మీదన్నా తరగనివ్వండి" అనేశాను.

ఎండెక్కింది. అంతలో ఎవరో అద్దం మీద టకటకా కొట్టారు. అమల. జనగామ దగ్గర పల్లె నుంచొచ్చింది, యూనివర్సిటీలో నా పక్క టేబుల్‌ తనదే.

"ఏందే సుప్రజా, అద్దాలెక్కిచ్చుకొని కూసున్నవ్? దిగు. బగారన్నం అయింది, తిని పోదువు."

"మేం తెచ్చుకున్నామండీ" అన్నాడు ఆత్రేయ.

"మంచిది సార్, ఈమె వండింది మీరు తినుండ్రి. మేం వండింది ఈమెకు పెడతం." మళ్ళీ నా వైపు తిరిగింది. "రేపు సెమినార్ ఉన్నదే. బంద్ లేదు, ఏం లేదు. సార్ పక్కా పెడతనన్నడు. తయారైనవా?"

నేను నోరు తెరిచేలోపే ఆత్రేయ, "రేపు మేం సాగర్ వెళ్తున్నామండీ" అన్నాడు.

"మిమ్ముల అడగలే సార్."

నేను దిగాను. "మనల్ని పొమ్మనేవాళ్ళ బంతిలో కూర్చుంటావా అమ్మాయ్!" అని అత్తయ్య. "కొట్లాట కొలువుల కాడనమ్మా, అన్నం కాడ కాదు" అని అమల. రోడ్డు మీద పట్టా, దాని మీద విస్తరాకు. మా జూనియర్ ప్రేమ్ కుమార్ పెద్ద గరిటెతో వంగి వడ్డించి, "అక్కా, ఉప్పు సరిపోయిందా? సచ్చీ చెప్పు" అని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. పొగలు కక్కే అన్నం, నేను వండనిది, నేను కూర్చుంటే ఇంకొకరు వడ్డించింది. పైగా బాగుందా అని అడుగుతున్నాడు, నేను ఇన్నేళ్ళుగా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగినట్టే! తలూపాను. ఉప్పు కాస్త తక్కువే, అయినా ఊపాను.

కారు హారన్ మోగింది. మా కారే. "సుప్రజా, వచ్చి అమ్మకి పులిహోర పెట్టు." చెయ్యి కడుక్కుంటుంటే మళ్ళీ హారన్. "దారిస్తున్నారు, ఎక్కు, ఎక్కు!"

వెళ్ళాను. తలుపు తీశాను. నా సీట్లో ఉన్న భోజనాల బ్యాగు ఎత్తి ఆత్రేయ ఒళ్ళో పెట్టాను.

"మీరు వెళ్ళిరండి. నేను డిపార్ట్‌మెంట్‌కి వెళ్తున్నాను, స్లైడ్లు చేసుకోవాలి. రేపు సాగర్ కూడా మీరే."

"పిచ్చా నీకు? రోడ్డు మీద ఏంటీ గోల?"

"అమ్మా, నాకెవరు తినిపిస్తారు?" అంది అక్షర.

"నాన్న" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అత్తయ్య మొహం అటు తిప్పుకున్నారు. వెనకాల బళ్ళన్నీ హారన్లు కొడుతున్నాయి. క్యాంపస్ రోడ్డు ఆ పక్కనే, అమల అప్పుడే నడవటం మొదలుపెట్టింది. ఆత్రేయ బ్యాగు జిప్పు లాగి లోపల కెలుకుతున్నాడు. కోపం ఎటుపోయిందో, నిజంగా దిక్కుతోచని మొహంతో తలెత్తి అడిగాడు. "స్పూన్లెక్కడున్నాయ్?"

పక్క అరలో, తువ్వాలు కింద. మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. ఒక్క మాటే కదా. కానీ అది చెప్తే తర్వాత మంచినీళ్ళ సీసా, ఆ తర్వాత అక్షర గ్లాసు, అత్తయ్య మోకాళ్ళ మాత్రలు, ఒక్కోటీ చూపిస్తూ చూపిస్తూ నేనా సీట్లో కూర్చుని ఉంటాను, తలుపు పడిపోయి ఉంటుంది. మీరు చెప్పండి, అక్కడ నా చోట నిలబడి ఉంటే ఆ స్పూన్లు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళేనా?