వరుసకాగితము మీది మొదటి పేరు

అక్క చావునకు రానివాడు తమ్ముడు కాడు. ఇది గురువునాయుని తీర్పు. రెండేండ్లుగా ఆ తీర్పునకు మార్పు లేదు.

సంధ్యారుణకాంతి పూర్తిగ నారకమున్నే సహస్రవర్ణ విద్యుద్దీపతోరణములతో వెలుగొందుచు నిరుగట్టుల దీపచ్ఛాయలను కాలువనీట కరగించుచు పెనములమీది చేపముక్కల కమ్మపొగలతోడను అంగళ్ల వాకిళ్ల నిలిచి కేకలిడు కన్నెల స్వాగతవచనములతోడను క్రొత్తసంచుల రెపరెపలతోడను క్షణమైన నిలువనేరని యొసాకానగర విపణివీథిలో నాతడు జనప్రవాహమున కెదురీదుచు నడచుచుండెను. లక్కబొమ్మలు చేయు నాతని నచటి పెద్ద దుకాణమువారు మూడుదినముల ప్రదర్శనకై రప్పించిరి. బొమ్మలు నెపము. వెనుకసందులో దోసెల హోటలు నడుపు బావమరిది సింహాద్రిని పదుగురి యెదుట నిలువదీసి చుట్టరికము తెంచుకొని పోవుటయే యాతని పని. మేడగోడమీద కాళ్లాడించు పెద్ద యంత్రపు పీతబొమ్మనైన నాతడు కన్నెత్తి చూడలేదు.

హోటలు వాకిట నిరువదిమంది వేచియుండిరి. లోనికి చొరబోయిన యాతనిని ద్వారమునందలి జపాను పడుచు వంగి నమస్కరించి యాపి పెన్సిలును వరుసకాగితమును చేతికిచ్చెను. పేరు వ్రాసి పిలుపునకై వేచియుండుట యచటి యాచారము. చీకాకుతో కాగితము చూచిన గురువునాయుడు కొయ్యబారెను. ఆ దేశపు టక్షరముల కన్నిటికి పైని మొదటి వరుసలో గుండ్రని తెలుగులో పైడితల్లి యని యుండెను. అది చనిపోయిన తన భార్య పేరు.

పడుచు గంట మ్రోగించి, పైడితల్లిగారూ యనుటకు తన పలుకుబడిలో "పైదితారి సామా" యని మూడుమారులు పిలిచెను. ఎవ్వరును రాలేదు. ఆమె యెవ్వరును లేని త్రోవకు వంగి నమస్కరించి రెండవ పేరు పిలువబోయెను.

"ఆగమ్మా!"

గురువునాయుని కేక విని వంటింటినుండి సింహాద్రి పరుగున వచ్చెను.

"బావా! ఏటిది, నువ్వేనా!"

"ఆ పేరు రాయడానికి నీకేటిరా హక్కు?"

"నువ్వు హోటలు పెడితే మొదటి దోసె నాదేరా అనీది గదా అక్క. రోజూ తలుపు తీసీముందు ఆ పేరే రాస్తాను. మూడుసార్లు పిలుస్తారు. రాకపోతే తర్వాతోళ్లని పిలుస్తారు. ఇక్కడంతే బావా."

"సచ్చినప్పుడు రానోడివి, ఇప్పుడు పిలుస్తన్నావా?"

సింహాద్రి తల వంచెను. "నీ కార్డుముక్క ఇరవయ్యో రోజుకి అందింది. నా ఫోను నంబరు నీ కాడ నేదా బావా?"

ఉన్నది. తాను నేర్పిన లక్కపని వదలి సింహాద్రి దేశాంతరము పోయినాడను పంతముతో, భార్య పోయిన దినమున ఫోను చేతబట్టియు మరల క్రింద బెట్టినవాడు తానే. తమ్మునికి చెప్పుమని భార్య యాడిన కడపటి మాటను మ్రింగినవాడును తానే.

"కూకో బావా. మొదటి వంతు మనదే." సింహాద్రి వేడిదోసె తెచ్చి యెదుట నుంచి నిలుచుండెను. గురువునాయుడు ఒక్కతునకయు మిగుల్చక తినెను. వెలుపల గంట మ్రోగుచునే యుండెను.

"ఆకర్ని అక్క నన్నేటైనా అడిగిందా బావా?"

గురువునాయుడు చేయి కడిగికొని లేచెను.

"ఆ ఊసు మరెత్తకు. నువ్వడగొద్దు, నేను సెప్పను."

బ్రతికినన్నాళ్లు చెప్పలేదు.