గెలిచిన నాటి యెజ్డీ

పులివెందుల దగ్గర వేములలో ప్రసూనకు అరటితోట ఉంది. తోటకన్నా ముద్దుగా చూసుకునే పాత యెజ్డీ బండి కూడా ఉంది. ఒకప్పుడు ఆ బండి మీదే వాళ్ల నాయన ఆదినారాయణ చుట్టుపక్కల మట్టి రేసులన్నీ గెలిచాడు. ఆ తర్వాత అది కొట్టంలో పడి తుప్పు పట్టింది. ప్రసూన దాన్ని బయటికి లాగి, ఊళ్లన్నీ తిరిగి, కంపెనీలో బిగించిన రకం సామాన్లే వెతికి తెచ్చింది. మడ్‌గార్డులు, సిలిండరు, చివరికి కార్బురేటరు కూడా.

జమ్మలమడుగులో పాత బండ్ల పోటీ అని తెలిసి, ప్రొద్దుటూరులో మెకానిక్ మున్వర్ షెడ్డుకు బండి తీసుకుపోయింది. మోకాలి నొప్పితో బండి తోలడం మానేసిన నాయన కూడా వెంట వచ్చాడు. అసలు రూపం చెడని బండికొక బహుమతి, రేసులో ముందొచ్చిన బండికొకటి. రెండూ తనవేనని ఆమె ధీమా.

నాయనను వెనక కూర్చోబెట్టుకుని బైపాసు మీద తోలి చూస్తే, మలుపు దాటాక బండి వేగం అందుకోవడానికి మొరాయించింది.

"ఇది నా బండి కాదు మ్మే," అన్నాడు ఆదినారాయణ, షెడ్డు ముందు దిగుతూ.

ప్రసూనకు చురుక్కుమంది. "అదేంది నాయనా? అన్నీ అసలు సామాన్లే తెచ్చి ఏస్తి గదా!"

"ఇది షోరూములో నిలబెట్టిన బండి. నేను రేసుకు తోలింది వేరే. నువ్వు విప్పి మూలన పడేసినావే పెద్ద కార్బురేటరు, అది నేను ఏరికోరి ఏసుకున్నెది. ఆ పాత సిలిండర్లో పొగ పోయే దారిని ఆకురాయితో అరగదీసి వెడల్పు చేసింది ఈ మున్వర్ వాళ్ల నాయన. రేసు రేసుకూ ఏదో ఒకటి మారుస్తానే ఉంటి."

"అట్ల మార్చుకుంటా పోతే ఇంక అసలుదేముంటాది?"

"గెలిచిన పొద్దు ఎట్లుండెనో అదే దాని అసలు రూపం."

ప్రసూన టీ తాగుతున్నంతసేపూ బండినే చూసింది. ఇంత తిరుగుడూ వృథా అయిందని ప్రాణం ఉసూరుమంది. కానీ నాయన మాటలో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. గ్లాసు కింద పెట్టింది.

"విప్పప్పా మున్వర్. కొట్టంలో పాతవన్నీ తెస్తా. మా నాయన చెప్పినట్ల బిగించు."

పోటీనాడు నిర్ణేత బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "కంపెనీ రూపం లేదమ్మా. అసలు రూపం బహుమతికి పనికిరాదు."

"పోనీ సార్, రేసులో రాసుకోండి," అంది ప్రసూన నవ్వుతూ.

రేసు మొదలైనప్పటి నుంచి దువ్వూరు నుంచి వచ్చిన అవినాష్ ముందున్నాడు. అతని చక్రం లేపిన దుమ్ము ఆమె పళ్ల మధ్య కరకరలాడింది. ఆఖరి మలుపులో అతను వేగం తగ్గించాడు. ప్రసూన లోపలి వైపు నుంచి దూరి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పింది. బండి ఈసారి మొరాయించలేదు, ఒక్క ఊపున లేచింది. బెత్తెడు తేడాతో ఆమే గీత దాటింది.

జనం మూగారు. ఆదినారాయణ వాళ్లను తోసుకుంటూ వచ్చి, "దిగు మ్మే," అన్నాడు.

"నాయనా, నీ మోకాలు..."

"దిగమంటి గదా!"

అతనెక్కి కొట్టిన మొదటి కిక్కుకు బండి పలకలేదు. రెండోదానికి గర్జించింది. పంచె ఎగ్గట్టి అతను మైదానంలోకి దూసుకుపోతుంటే, "మెల్లగా పో నాయనా!" అని అరిచింది ప్రసూన. అతను ఇంకాస్త వేగం పెంచాడు.