పంచవర్ణానికి పరామర్శలు

పంచవర్ణానికి జబ్బు చేసిందని తెలిసిన దగ్గర్నుంచీ కోవిల్‌పట్టిలోని ఆ వీధికి రాకపోకలు ఎక్కువయ్యాయి. అగ్గిపెట్టెల కంపెనీలో జీవితమంతా పుల్లలు నింపిన మనిషి. ఆమెతో పనిచేసినవాళ్ళు, ఆమె కుదిర్చిన సంబంధాలవాళ్ళు, ఆమె నోట తిట్లు తిన్నవాళ్ళు కూడా చూడడానికి వచ్చారు. ఒక్కొక్కరూ ఒక హార్లిక్స్ సీసా, నాలుగు ఆపిల్ పళ్ళు, ఒక దగ్గు తెచ్చారు.

జబ్బు పేరు మల్టిపుల్ మైలోమా. ఎముకల్లోని మూలుగలో పుట్టే క్యాన్సర్ అని విరుదునగర్‌లోని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మందులకు లొంగే జబ్బేననీ, దీంతో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళు ఉన్నారనీ ధైర్యం కూడా చెప్పింది. అయితే ఒక్క మాట మాత్రం గట్టిగా అంది. ఒంటికి కాపలా కాసే బలం జబ్బు వల్ల కొంతా, మందుల వల్ల కొంతా తగ్గిపోతుంది. ఊరందరికీ పడిశంగా వచ్చి పోయేది ఈమెకు నిమోనియా అయి కూర్చుంటుంది.

అన్నట్టే అయింది. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రి పాలైంది. రెండోసారి ఇంటికి తెచ్చాక కోడలు కలైసెల్వి గుమ్మంలో బకెట్టు నీళ్ళు, సబ్బు పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చుంది. మొగుడు తూత్తుకుడి హార్బర్‌లో పని చేస్తాడు, ఆదివారాలే ఇంట్లో ఉంటాడు. కాబట్టి వచ్చినవాళ్ళను వెనక్కి పంపే పాపమంతా ఆమెదే అయింది.

ఎదురింటి వేలమ్మాళ్ వీధి మధ్యలో నిలబడి అడిగేసింది.

"ఏమ్మా కలై, అత్తను కోడిని గంప కింద మూసినట్టు మూసిపెట్టినావే! చూసేదానికి వచ్చినోళ్ళను తరిమేది ఏ ఊరి మర్యాద?"

కలైసెల్వి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. లోపల మంచం మీదున్న పంచవర్ణం అంతా విన్నది. కోడలిని తాను ఎన్నయినా అంటుంది, అది వేరే సంగతి. వీధిలోవాళ్ళు అనడమేమిటి? మర్నాడు కిటికీ దగ్గరికి వేలమ్మాళ్‌ను పిలిచింది.

"వేలూ, నీకొక్కదానికే చెప్తా. ఎవరికీ చెప్పొద్దు."

"నా నోట్లోంచి వస్తుందా అక్కా?"

"నన్ను చూసేదానికి వచ్చేవాళ్ళకంతా సూది ఎయ్యాలంట. డాక్టరమ్మ ఆర్డరు."

"చేతికా?"

పంచవర్ణం జాలిగా తల అడ్డంగా ఊపింది. "కూర్చునే చోట. సూది కూడా పెద్దదేనంట. గొడ్లకు ఏసేదానికన్నా కొంచెం సన్నం, అంతే."

ఇందులో నిజం పిసరంత ఉంది. ఇంట్లో కలిసి ఉండేవాళ్ళు ఫ్లూ టీకా వేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది, వేయించుకున్నారు కూడా, చేతికే. మిగతాదంతా పంచవర్ణం కలిపింది.

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. అదే వారంలో ఆరోగ్య కేంద్రం నర్సు సంగవి పసిపిల్లల టీకాల కోసం నీలం రంగు పెట్టె భుజాన వేసుకుని అటు వచ్చింది. ఆమె మలుపు తిరగ్గానే తలుపులు మూసుకోవడం మొదలైంది. పంచవర్ణం ఇంటి వైపే వస్తున్న రిటైర్డ్ కండక్టర్ అయ్యాసామి, చేతిలో ఆపిల్ పళ్ళ సంచితో సహా పక్కింటి గోడ దూకి మేకల మధ్యలో పడ్డాడు. ఆపిల్ పళ్ళు మేకలు తిన్నాయి. కిటికీలోంచి చూస్తున్న పంచవర్ణం నవ్వు ఆపుకోలేక దిండులో మొహం దాచుకుంది.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. మొదట హాయిగానే ఉంది. కానీ వారానికోసారి వేసుకునే స్టెరాయిడ్ మాత్ర ఒకటుంది. అది మింగిన రోజు నిద్ర పట్టదు, నోరు ఊరుకోదు. మాట్లాడదామంటే మనిషి లేడు. టీవీ సీరియల్లో అత్తగారికి సలహాలు చెప్పింది. కుక్కరు కూత పెడితే దానికీ ఏదో బదులు చెప్పింది.

"మనుషుల్లేకపోతే నాకు ముద్ద దిగదే కలై," అంది చివరికి.

"తెలుసత్తా. సూది కత కూడా తెలుసు. సంగవి చెప్పింది." కలైసెల్వి మొహం సీరియస్‌గా పెట్టుకోవాలని చూసింది కానీ అయ్యాసామి మేకలు గుర్తొచ్చి ఆమె వల్ల కాలేదు. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"వాళ్ళు నిన్ను తిట్టేది వినలేక అట్ల చేసినా," అంది పంచవర్ణం నెమ్మదించాక. కలైసెల్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి, పెరట్లో పడివున్న బల్లను తెచ్చి గేటు బయట మునగచెట్టు కింద వేసింది. దగ్గూ జలుబూ లేనివాళ్ళు మాస్కు వేసుకుని అక్కడ కూర్చోవచ్చు. అత్త కిటికీలోంచి మాట్లాడుతుంది. సూది లేదని తేలాక జనం మళ్ళీ వచ్చారు.

ఒక్క గోవిందరాజ్‌కు మాత్రం ఆ బల్ల నచ్చలేదు. పంచవర్ణం తమ్ముడు. విరుదునగర్‌లో మిరపకాయల బ్రోకరు. కూతురు కార్తీశ్వరి పెళ్ళి పత్రిక పట్టుకుని వచ్చాడు. సొంత అక్కకు పత్రిక బయట కూర్చుని ఇస్తారా అంటూ కలైసెల్వి అడ్డొచ్చేలోపే ముందుగదిలోకి వచ్చి నిలబడ్డాడు. పత్రిక, తాంబూలం అక్కడి టేబులు మీద పెట్టి, పెదవులు బిగించుకుని ఊరుకున్నాడు.

పంచవర్ణం లోపలిగది గుమ్మంలోంచే తమ్ముణ్ణి తేరిపార చూసింది. ఎదుటివాళ్ళను ఒక్క మాట మాట్లాడనివ్వని మనిషి. ఇవాళ తల మాత్రమే ఊపుతున్నాడు. మాస్కు సర్దుకుని తియ్యగా అడిగింది.

"ఒరే గోవిందా, ఆ గుంటూరు సేటు కత చెప్పరా. విని శానా నాళ్ళాయె."

గుంటూరు వ్యాపారి ఒకడు అతని తమిళనాటి తెలుగు విని పగలబడి నవ్వాడట. ఆ నవ్వులో ఉండగానే గోవిందరాజ్ బేరం తనకు లాభంగా ముగించేశాడట. ఈ కథ అడిగితే చెప్పకుండా ఉండడం అతని వల్ల కాదు.

"ఆ నాయాలు ఏమన్నాడు తెలుసునా అక్కా, ఇది తెలుగా లేకుంటే..."

అంతే. పాత లారీ స్టార్టయినట్టు దగ్గు మొదలైంది. అతను తల ఎత్తి చూసేసరికి లోపలిగది తలుపు మూసుకుపోయి ఉంది. కలైసెల్వి ఇంటి కిటికీలన్నీ తెరుస్తోంది.

"అది మిరపకాయ దగ్గక్కా!"

"మిరపకాయదైతే సరే. వేరేదైతే?" తలుపు వెనక నుంచి వచ్చింది గొంతు. "నీ కూతురి కల్యాణానికి నేను వచ్చేదా, లేకుంటే నా సావుకు మీరంతా వచ్చేదా? పోయి మునగచెట్టు కింద కూర్చో. ఫోన్ చేస్తా."

గోవిందరాజ్ మొహం మాడ్చుకుని వెళ్ళి కూర్చున్నాడు. అక్కాతమ్ముళ్ళు అరగంట ఫోన్లో మాట్లాడుకున్నారు. ఇద్దరి గొంతులూ పెద్దవి కాబట్టి ఫోన్ లేకపోయినా జరిగిపోయేది. పెళ్ళికి ఎవరెవరిని పిలవలేదో వీధి వీధంతా విన్నది.

విరుదునగర్ కల్యాణ మండపానికి ముహూర్తం వేళకు వచ్చి, తలుపు పక్కన కూర్చుని, భోజనాల రద్దీకి ముందే వెళ్ళిపోయేట్టయితే సరేనని డాక్టరమ్మ ఒప్పుకుంది. పంచవర్ణం పట్టుచీర తీసి గాలికి ఆరేసింది.

పెళ్ళి ఇంకా రెండు రోజులుందనగా ఉదయం లేచేసరికి ఒళ్ళు వణికింది. మూత్రం మండింది. జ్వరం నూరు దాటినా, వణుకు పుట్టినా ఆలోచించకుండా బయల్దేరాలనీ, మాత్ర మింగి జ్వరాన్ని దాచకూడదనీ డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకు బాగా తెలుసు. మాత్ర మింగలేదు. ఫ్రిజ్‌లోని మజ్జిగ పుక్కిట పట్టి, తర్వాత నాలుక కింద థర్మామీటరు పెట్టించుకుంది. మామూలుగా చూపించింది. కలైసెల్వి తృప్తిగా వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపటికి తిరిగి వచ్చి చూస్తే, చిత్తిరై నెల వేసవి ఉక్కలో, ఫ్యాను ఆపేసి, అత్త దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"ఏమత్తా దుప్పటి?"

"దోమలే."

"పగటిపూటా?"

కలైసెల్వి అత్త నుదురు తాకి చూసింది. థర్మామీటరు తెచ్చి ఈసారి చంకలో పెట్టింది. నూటొకటి దాటింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, కారుకు చెప్పి, బట్టలు సర్దడం మొదలుపెట్టింది. సంచీ జిప్పు పడలేదు, రెండుసార్లు లాగి అలాగే వదిలేసింది.

"మీకేమన్నా అయితే నేనెవరితో సండ వేసుకునేది, ఎవరితో కొట్లాడేది అత్తా?" అని మాత్రం అంది, తల ఎత్తకుండా.

పంచవర్ణానికి నిమోనియా వచ్చినప్పుడు కూడా వెయ్యని భయం అప్పుడు వేసింది. దుప్పటి తీసి మడిచి, నోరు మూసుకుని కారెక్కింది.

అలా పెళ్ళికి రెండు రోజులు ముందుగానే ఆమె విరుదునగర్ చేరింది, ఆసుపత్రికి. రక్తం తీశారు, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టారు. మూత్రంలో ఇన్ఫెక్షన్. ఎవరూ తెచ్చి అంటించింది కాదట. మామూలుగా ఒంట్లో ఉండే క్రిమే కాపలా లేదని చూసి రెచ్చిపోయిందట. ఇంకో పూట ఆలస్యమై ఉంటే రక్తంలోకి పాకేదని చెప్పి డాక్టరమ్మ కళ్ళజోడు మీదుగా చూసింది. పంచవర్ణం గోడ వైపు తిరిగింది.

"అయితే మా గోవిందుడి తప్పేమీ లేదు," అంది కొంచెం నిరాశగానే.

పెళ్ళి రోజుకు జ్వరం దిగింది కానీ ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపలేదు. తాళి కట్టించుకున్న కార్తీశ్వరి, మొగుడితో సహా నేరుగా ఆసుపత్రికే వచ్చింది. వార్డులోకి పూలు తేకూడదంటే దండలు కార్లోనే వదిలేసి, మాస్కులు వేసుకుని గాజు తలుపు అవతల నిలబడ్డారు. గోవిందరాజ్ ఎవరూ చెప్పకుండానే దూరంగా మెట్ల దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. పంచవర్ణం మంచం మీద లేచి కూర్చుని, మాస్కు లోపల నుంచే, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కూసినట్టు, గట్టిగా కులవ పెట్టింది. ఎవరికో ఊపిరి ఆడడం లేదనుకుని నర్సు ఆక్సిజన్ సిలిండరు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

మధ్యాహ్నం మండపం నుంచి కలైసెల్వికి విందు భోజనం పార్సిలు వచ్చింది. బయట వండింది పేషెంటుకు పెట్టకూడదు. పంచవర్ణం ముందు ఆసుపత్రి ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి.

"దూరంగా కూర్చుని తిను. తింటా రుచి చెప్పు," అంది.

కలైసెల్వి పాయసం నోట్లో పెట్టుకుంది. "బెల్లం చాలలేదత్తా. వడ కూడా గట్టి. సాంబారులో ఉప్పెక్కువ."

"అట్లనా? పాపం, వంటోడు సరిలేడు," అంటూ పంచవర్ణం ఇడ్లీ తుంచుకుంది. కోడలు ఆకు అంచుదాకా పాయసం వేలితో తుడిచి నాకుతూంటే, చూడనట్టు కిటికీ వైపు మొహం తిప్పుకుని నవ్వుకుంది.