బసవమ్మ గ్లౌజులు

పొద్దున ఎనిమిదింటికల్లా బసవమ్మ రెడ్డిగూడెం దాటాక మామిడితోటల పక్కనున్న గ్రాఫైటు ఫ్యాక్టరీలో ఉండాలి. లారీల మీద వచ్చిన నల్లటి పొడిని అక్కడ యాసిడ్‌లో నానబెట్టి, దాన్లోని మట్టీ మశానం కరిగాక, నీళ్ళతో కడిగి కడిగి ఆరబెడతారు. శుభ్రపడిన పొడి ఫోన్ల బ్యాటరీల్లోకీ కరెంటు బండ్ల బ్యాటరీల్లోకీ పోతుంది. మిగతావాళ్ళు ఏడుసార్లు కడిగే తొట్టిని బసవమ్మ ఒక్కసారి కడిగితే చాలు. ఆమె ఒట్టిచేతులు తగిలితే ఏ వస్తువైనా తనది కానిదాన్ని వదిలేస్తుంది. యాసిడ్ కూడా ఆ చేతుల మీద నిలవదు. అంతకుముందు మామిడికాయల పనికెళ్ళే రోజుల్లోనూ అంతే, కాయ పట్టుకుంటే సొనంతా జారిపోయేది. మేనేజరు వీరరాఘవయ్య ఆ సంగతి విని పనిలో పెట్టుకున్నాడు. ఏ తొట్లు కడగాలో చూపించి తన పని తను చూసుకున్నాడు.

ఇంట్లో మాత్రం బసవమ్మ రబ్బరు గ్లౌజులు తీయదు. పెళ్ళయిన కొత్తలో భర్త యలమంద తొడిగిన ఉంగరంలోంచి రాగి అంతా పొడిగా రాలిపోయి దారప్పోగంత బంగారం మిగిలింది. పాపం యలమంద, కంసాలిని తిట్టుకున్నాడు. అప్పుడామె నవ్వుకుంది. ఆ తర్వాత పక్కింటి బుజ్జమ్మ చెయ్యి పట్టుకుంటే, తోడికోడలి మీద వాళ్ళత్తగారు ఏళ్ళ తరబడి నూరిపోసిన కోపమంతా ఆ పూటే రాలిపోయింది. బుజ్జమ్మ సంతోషపడింది గానీ బసవమ్మ మర్నాడే గ్లౌజులు కొనుక్కుంది. మొదటి భార్య చనిపోయాక యలమంద తనని చేసుకునేనాటికి కూతురు రమ్యకి రెండేళ్ళు. 'ఈవిడే మీ అమ్మ' అని దగ్గరుండి నేర్పించాడు. నేర్పిన మాటేగా. ఒట్టిచేత్తో ముట్టుకుంటే అదీ రాలిపోతే?

అందుకే ఇరవయ్యేళ్ళుగా గ్లౌజులతోనే జడలు వేసింది, చెంచాతోనే అన్నం తినిపించింది. పిల్ల నిద్రపోతుంటే దుప్పటి సర్ది, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసుకునేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. రమ్య నూజివీడులో చదువుకుని అదే ఫ్యాక్టరీ ల్యాబులో చేరాక ఆ గాభరా మరీ ఎక్కువైంది. కూతురు ఎదురైతే చాలు, తడిచేతులు కొంగులో దాచుకునేది.

"నన్ను ముట్టుకోడానికి నీకంత అసహ్యమేంటమ్మా?" అని ఒకరోజు రమ్య అడిగేసింది. బసవమ్మ తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది.

మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం ల్యాబులో పైపు ఊడి రమ్య కుడిచేతి మీద యాసిడ్ పడింది. చర్మం దాటి ఎముక దాకా దిగే రకం అది. కేక విని బసవమ్మ పరుగెత్తుకొచ్చింది. వీరరాఘవయ్య అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. చెయ్యి కుళాయి కిందే ఉన్నా మంట లోపలికి దిగిపోతోందని రమ్య గిలగిల్లాడుతోంది. బసవమ్మ చేతులు చాచి, రెప్పపాటు ఆగిపోయింది. పిల్ల చెయ్యి కావాలా, అమ్మా అన్న ఆ పిలుపు కావాలా? చెయ్యే ఉండనీ అనుకుని పట్టేసుకుంది.

యాసిడ్ నురగై జారిపోయింది. దాని వెనకే గోళ్ళరంగూ, వేళ్ళ సందుల్లోని నల్లపొడీ కొట్టుకుపోయాయి. ఇంకేం రాలుతుందోనని బసవమ్మ నీళ్ళ వంక చూడలేదు. రమ్య మెలికలు తిరగడం ఆపి, కొత్తమనిషిని చూసినట్టు ఆమె మొహంలోకి చూసింది.

"అమ్మా," అంది చివరికి, "నీ చేతులు ఇంత గరుకా?"

బసవమ్మ అక్కడే తడినేల మీద కూలబడి భోరుమంది. అంబులెన్సు వచ్చేదాకా కదల్లేదు. ఎక్కేటప్పుడు చెయ్యి వదలమని అంబులెన్సువాళ్ళు చెప్పినా, ఇద్దరిలో ఎవరూ వినలేదు.