మూత పగిలిన డబ్బా

"పాపకి అందులోంచి వెయ్యకు. అది నీ డబ్బా."

మా ఆయన షూ లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు. అప్పటికే నా చెయ్యి డబ్బాలో ఉంది. తీసిన కార్న్‌ఫ్లేక్స్ మళ్ళీ అందులోనే పోసి, పై అరలోంచి గాజు సీసా దింపాను.

మా వంటింట్లో రెండు రకాల కార్న్‌ఫ్లేక్స్ ఉంటాయి. గాజు సీసాలోవి ఆయన పెద్ద కొట్టుకి వెళ్ళి ఏరి తెచ్చేవి. ఆయనకీ, పాపకీ, అత్తయ్యకీ. రెండోది మూత పగిలిన ప్లాస్టిక్ డబ్బా. మేమిద్దరం పనిచేసే కంపెనీ వాళ్ళు స్టాఫ్‌కి ఉచితంగా ఇచ్చే ప్యాకెట్లు చింపి అందులో పోస్తాను. అది నాకు. ఏడాదిగా ఇదే వరస. పిసినారితనం అనుకున్నాను. ఊరికే వచ్చినవి పారెయ్యడం ఎందుకు, ఇది తినేస్తుంది కదా అని. ఈ ఇంట్లో నావి అన్నవన్నీ అలాగే నావయ్యాయి. కాలు ఊగే కుర్చీ నాది. మాడిన రొట్టె ముక్క నాది. స్నానాల వరసలో చివర మిగిలిన చన్నీళ్ళు నావి. "నీకైతే పర్లేదుగా" అంటారు. ఆ మాటకి పెళ్ళినాటి నుంచీ జవాబు వెతుకుతున్నాను. దొరికేలోగా పాలు పొంగుతాయి.

గిన్నెలు కడిగి, పాపకి జడ వేసి, అత్తయ్యకి మాత్రలిచ్చి, ఎదురుగానే ఉన్న కారు తాళాలు ఆయనకి వెతికిపెట్టి ఆఫీసుకి బయల్దేరాను. ఆయన అక్కడ సేల్స్‌కి పెద్ద. నేను ప్యాకెట్ల మీద ఏ మాట ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో పేర్చే దాన్ని.

ఆ రోజు మా డిజైన్ విభాగం పెద్దాయన నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆయన్ని అందరం చాటుగా సర్దుబాటు సార్ అంటాం. పని ఏదైనా ఆయన నోట ఒకటే మాట, "సర్దెయ్యండమ్మా."

"పిల్లల ప్యాకెట్ మీద కొత్తగా ఒక లైను రావాలి. జన్యుమార్పిడి మొక్కజొన్నతో తయారైనది అని. ఇక రాయక తప్పదు, రూల్ వచ్చేసింది. అడుగున సర్దెయ్యండి."

"అడుగునంటే ఎక్కడ సార్?"

ఆయన వేలు తెర మీద కింది అంచుకి వెళ్ళింది. అక్కడే ప్యాకెట్‌ని మెషీను వేడి పళ్ళతో నొక్కి అతికిస్తుంది. ఆ గీతల్లో పడ్డ అక్షరం నలిగి చీమల బారులా అవుతుంది. అందుకే అక్కడ ఏమీ వెయ్యకూడదన్నది మా పనిలో మొదటి పాఠం.

"సార్, అక్కడ వేస్తే ఎవరూ చదవలేరు."

"రాయమన్నారమ్మా. చదివించమన్నారా?" తన జోకుకి తనే నవ్వుకున్నాడు. "రేపు ఆ సూపర్‌మార్కెట్ల వాళ్ళు వస్తున్నారు. ఆర్డరు పడితే మీ ఆయన డైరెక్టరు. మీ ఇంటి మంచికే చెప్తున్నా."

"మొక్కజొన్న ఎప్పుడు మార్చారు?"

"కొత్తదేం కాదు, పోయినేడాది నుంచీ అదే. మీ ఆయనకి తెలుసుగా. మీకు చెప్పలేదూ?"

పోయినేడాది. గాజు సీసా మా ఇంటికొచ్చింది పోయినేడాదే. అంతకుముందు నలుగురం ఒక్క డబ్బాలోవే తినేవాళ్ళం. ఒకరోజు ఆయన సీసా తెచ్చి, "పాపకి ఇకనుంచి ఇది పెట్టు, నాకూ అమ్మకీ కూడా" అన్నాడు. "మరి కంపెనీవి?" అంటే "నువ్వున్నావుగా" అన్నాడు. అప్పుడు నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొచ్చి నా మొహం మండింది. సర్దుబాటు సార్ ఇంకా ఏదో చెప్తున్నాడు. నాకు మాత్రం మా ఆయన ఆ పాత డబ్బాని నా వైపు జరిపిన చప్పుడే వినిపిస్తోంది.

సాయంత్రం కార్లో అడిగాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం.

"ఆ మొక్కజొన్న మంచిదేనా?"

"నిక్షేపంలా ఉంటుంది. టెస్టులన్నీ అయ్యాయి. అనవసరంగా భయపడకు."

"మరి పాపకెందుకు వద్దన్నారు?"

"చిన్నపిల్ల. ఎందుకొచ్చిన గొడవ."

"అత్తయ్యకి?"

"పెద్దావిడ కదా."

"మీకు?"

"నాకా రుచి పడదు."

"నాకు?"

లైటు పచ్చగా మారింది. "నువ్వు ఏదైనా అరిగించుకుంటావులే" అని నవ్వి, గేరు మార్చి, రేడియో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య హాల్లో టీవీ ముందు ఉన్నారు. "మీకు తెలుసా?" అన్నాను నేరుగా. సౌండు తగ్గించారు.

"వాడు అప్పుడే చెప్పాడమ్మాయ్. నీకు చెప్తే ఇల్లు పీకి పందిరేస్తావని ఊరుకున్నాం. అయినా వాడు మన మంచికే కదా చేసింది."

మన. ఆ ఒక్క మాటలో ముగ్గురు పట్టారు. నేను పట్టలేదు.

అన్నం వండాను. వడ్డించాను. చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి. లోపల మాత్రం ఒకటే రగులుతోంది. ఆ గింజ విషమా, అమృతమా? నాకు తెలియదు. తెలిసినవాళ్ళు మంచిదే అంటే ఒప్పుకుంటాను. చెప్పి పెట్టి ఉంటే నేనే తినేదాన్నేమో. కానీ మంచిదని ఊరందరికీ అమ్మే మనిషి తన కూతురి గిన్నెలో మాత్రం పడనివ్వలేదు. తల్లి గిన్నెలో పడనివ్వలేదు. అనుమానం ఉన్న చోట ముగ్గుర్ని పక్కకి తీసి, నాలుగో మనిషిని అక్కడే వదిలేశాడు. కోపంతో కాదు, పగతో కాదు. అసలు నేను గుర్తే రాలేదు. గుర్తొస్తే కనీసం కాస్త మొహమాటపడేవాడు. రేపు ఆర్డరు పడితే ఇంకా ఎంతమంది ఆడవాళ్ళు ఆ ప్యాకెట్ కొని, తెల్లారి హడావుడిలో పిల్లల గిన్నెల్లో వంపుతారు! ఆ అతుకులో ఉన్నది వాళ్ళు చదవకూడదని వాళ్ళ కోసం ఎవరో నిర్ణయించారు. దాన్ని అతుకులో దాచే పని మాత్రం నాకిచ్చారు.

మర్నాడు ఆఫీసులో రెండు నమూనాలు తయారుచేశాను. ఒకటి సర్దుబాటు సార్ చెప్పినట్టు. రెండోది నా లెక్కన. అదే వాక్యం, ముందువైపు, కార్న్‌ఫ్లేక్స్ అన్న పేరు కిందే, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత. మొదటిది సార్ చేతికిచ్చాను. రెండోది నా సంచిలో పెట్టుకున్నాను. దాన్ని ఏం చెయ్యాలో అప్పటికి నాకూ తెలియదు.

మీటింగుకి నన్నూ రమ్మన్నారు. ఎందుకో తెలుసా? టీలు అందించే అతను సెలవు. సంచి భుజానికి తగిలించుకుని, ట్రే పట్టుకుని లోపలికెళ్ళాను. సూపర్‌మార్కెట్ల తరఫున వచ్చినావిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మా ఆయన నిలబడి, చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. గోడ మీద నవ్వే పిల్లల బొమ్మలు. సర్దుబాటు సార్ నన్ను చూసి, అంతా సర్దుకుందన్నట్టు తలాడించాడు.

ఆవిడ ప్యాకెట్‌ని అటూ ఇటూ తిప్పింది. కింది అంచు మీద ఆమె బొటనవేలే ఉంది. ఆ లైను ఆవిడకి కనపడలేదు.

"ఇవన్నీ సరేనండీ. నేను ఎక్కడికెళ్ళినా ఒకటే అడుగుతాను. మీ ఇంట్లో పిల్లలకి ఇది పెడతారా?"

"భలేవారే! మా పాపకి తెల్లారితే ఇదే ఉండాలి. ఇది లేకపోతే బడికే వెళ్ళదు." మా ఆయన గలగలా నవ్వాడు. "నా మాట నమ్మకపోతే మా ఆవిడే ఇక్కడుంది, అడగండి. గిన్నెలో పోసేది ఆవిడే."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన కళ్ళు నాకు అలవాటైన చూపు చూశాయి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు చూసే చూపు. నవ్వు, తలూపు, లోపలికి వెళ్ళు అని చెప్పే చూపు.

ఆవిడ అడిగింది, "అవునామ్మా?"

తల ఊపితే చాలు. ఆయన డైరెక్టరు. నేను డైరెక్టరుగారి భార్య, మూత పగిలిన డబ్బాతో సహా. ఊపకపోతే ఈ ఉద్యోగం ఉండదు. సాయంత్రం ఆ కార్లో నాకు చోటు ఉంటుందో లేదో కూడా తెలియదు. పెళ్ళినాటి నుంచీ వెతుకుతున్న జవాబు అప్పుడే, టీ ట్రే చేతుల్లో ఉండగా, దొరికింది.

ట్రే బల్ల మీద పెట్టాను. సంచిలోంచి రెండో ప్యాకెట్ తీసి, పేరు ఆవిడకి కనపడేలా ముందుంచాను. ఆవిడ దాని మీదికి వంగి, పేరు కింది లైను చదివింది. చదవడం పూర్తయ్యేదాకా ఆగాను.

"మా ఇంట్లో రెండు డబ్బాలు ఉన్నాయండీ," అన్నాను. "ఇది పాపది కాదు."