కాలువ నిలబడిన రోజు

పొయ్యి మీద ఎసరు పెట్టే వేళకే శ్రావ్య కంప్యూటర్ ముందు కూర్చునేది. బాన్సువాడ దగ్గర కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఆ ఇంట్లో రోజూ ఇదే వరస. నాయనమ్మ కనకరత్నం కాఫీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టేది. కరెంటు పోతుందేమోనని ఇద్దరూ ఓసారి ఫ్యాను వంక చూసుకునేవారు.

రెండువేల ఎనిమిదో సంవత్సరం అది. రైతుల చేతుల్లోకి చిన్న చిన్న ప్రోగ్రాములు నడిచే జావా ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నిజాంసాగర్ నీళ్లు ఏ రోజు ఏ తూముకు వంతో ఆ ఫోన్లలో కనబడేలా శ్రావ్య ఒక చిన్న అప్లికేషన్ రాస్తోంది. రాసినదంతా ఒక్క ఫైలుగా కట్టి ఇస్తేనే ఫోనులోకి ఎక్కుతుంది. ఆ కట్టడాన్నే బిల్డ్ అంటారు. అది మాత్రం ఎంతకీ పూర్తి కావడం లేదు.

తూముల పేర్లన్నీ కంప్యూటర్‌లో ఎక్కించిన నాటి నుంచి కాలువ దాని మాట వినడం మొదలుపెట్టింది. బిల్డ్ నడుస్తుంటే నీళ్లు నడిచేవి. అది ఆగితే నీళ్లు కూడా కిటికీ ఎదురుగా గోడలా నిలువునా లేచి ఆగిపోయేవి. లోపల చేపలు కనబడేవి, ఆ గోడ మీద కొంగలు వాలేవి. శ్రావ్య మళ్లీ మొదలుపెడితే కదిలేవి. దారిన పోయేవాళ్లు సైకిలు ఆపి, "ఇంకా కాలేదా అమ్మా?" అని అడిగి తమ దారిన తాము పోయేవారు.

ఆ అక్టోబరు రోజు మాత్రం నీళ్లు పొద్దున ఆగినవి ఆగినట్టే ఉన్నాయి. మధ్యాహ్నానికి లచ్చిరాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాలువ చివర, ఆఖరి తూము కింద అతని పొలం. వరి కంకి వెయ్యబోతూ పొట్ట మీదుంది, మడి నెర్రెలు విచ్చింది.

"బిడ్డా, మాపటికి చెరుకు కొట్టేటోళ్ల ట్రాక్టర్ మహారాష్ట్రకు పోతుంది," అన్నాడు. "గీ తడి అందకుంటే పంట దక్కదు. నేను, నా పెండ్లాం గూడ ఎక్కాలె."

"రూప్లక్క కూడానా? ఈ పరిస్థితిలోనా?"

"ఏడో నెల. ఒక్కదాన్ని ఈడ ఎవలకు అప్పజెప్పి పోవాలె?"

శ్రావ్య మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగింది. తెర నిండా ఎర్రర్లు. అడుగున కనబడ్డదాన్ని సరిచేస్తే పైన ఇంకో రెండు పుట్టుకొస్తున్నాయి. పొద్దుటి నుంచీ అదే తంతు. ఏడుపొచ్చినంత పనయింది.

పొద్దు వాలుతుండగా తలెత్తి కిటికీలోంచి చూసింది. లచ్చిరాం ఆ నీటిగోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎండిన దిగువ వైపు అతను చూడనైనా చూడడం లేదు. చివర నీళ్లు అందనప్పుడు ఈ కాలువ మీద ఎవరూ చివర మట్టి తవ్వరు, అడ్డం ఎక్కడ పడిందో చూడటానికి గట్టెక్కి పైకి నడుస్తారు. తన నాన్నా అంతే. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది కదా, తనెందుకు అడుగునే దేవులాడుతోంది?

శ్రావ్య తెరను పైకి, ఇంకా పైకి జరుపుకుంటూ పోయింది. అన్నిటికన్నా పైన మొట్టమొదటి ఎర్రర్ ఉంది. అప్లికేషన్‌కు కావలసిన లైబ్రరీ ఫైలు E డ్రైవ్‌లో దొరకలేదట. అసలు ఈ కంప్యూటర్‌లో E డ్రైవే లేదు. సెట్టింగుల ఫైలు హైదరాబాదు నుంచి స్నేహితురాలు భావన పంపింది, అందులో ఉన్నది భావన కంప్యూటర్‌లో అది ఉన్న చోటు. కింద ఉన్న ఎర్రర్లన్నీ ఆ ఒక్కటి దొరక్క పెట్టిన గోలే.

"నీ ఇల్లు బంగారంగానూ, భావనా," అనుకుంటూ లైబ్రరీని తన డ్రైవ్‌లో పెట్టి, ఆ ఒక్క వరుస మార్చి, బిల్డ్ నొక్కింది.

కొంగలు ముందు లేచాయి. నీటిగోడ మెల్లగా వంగి, కాలువలో కూర్చుని, కదిలింది. ఇంత నీటిని ఆపింది తన చేతిరాతా అని శ్రావ్యకు భయం, కదిలించిందీ అదేనా అని అబ్బురం. చెప్పులు కూడా వేసుకోకుండా, ముందు దౌడు తీస్తున్న లచ్చిరాం వెనకే నీళ్ల వెంట గట్టు మీద పరుగెత్తింది. తెరిచి ఉన్న పై తూములేవీ ఆ నీళ్లను గుంజుకోలేదు, ఆ రోజు వంతు ఆఖరి తూముదని తెలిసినట్టు నీళ్లు సూటిగా చివరికే పోతున్నాయి.

ఆఖరి తూము దగ్గర వంతెన మీద ట్రాక్టర్ ఎదురైంది. ట్రాలీలో మూటల మధ్య రూప్లి కూర్చుని ఉంది. వంతెన కింద నీళ్ల చప్పుడు వినగానే ఆమె డ్రైవర్‌ను ఆగమంది. కిందికి వంగి, తమ మళ్లోకి లచ్చిరాం తిప్పుతున్న నీళ్లను చాలాసేపు చూసింది. తర్వాత ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చెయ్యి శ్రావ్య భుజం మీద వేసి, జాగ్రత్తగా నేల మీదికి దిగింది.

"ఇగ నువ్వు పో అన్నా," అంది డ్రైవర్‌తో. "మా పొలం తడుస్తుంది."