దూది తీసిన చొక్కా

ఆ పిల్లకి పుట్టినప్పుడే రొమ్ము ఎముక లోపలికి దిగి ఉంది. గుక్కెడు నీళ్లు పోస్తే నిలిచేంత గుంట. తండ్రి దర్జీ. కూతురి ప్రతి చొక్కాకీ లోపల దూది పెట్టి కుట్టి, ఇరవై ఏళ్లు ఆ గుంట ఎవరి కంటా పడనివ్వలేదు. "నాన్నా, బిగుతుగా ఉంది, ఊపిరాడట్లేదు" అంటే చొక్కా వదులు చేశాడు. మూడుసార్లు. నాలుగోసారి పిల్ల పడిపోయాక డాక్టరమ్మ చెప్పింది, గుండె చెడిపోయిందని, మార్చాలని.

గుండె దొరికింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చింది.

"కొత్త గుండె కొట్టుకుంటోంది. కానీ ఛాతీ మూయబోతే ఎముక దాన్ని నొక్కేస్తోంది. అందుకే మూయలేదు, పైన పొర కప్పి ఉంచాం."

దర్జీ లేచి ఆమెకి అడ్డం వచ్చాడు. "తెరిచే ఉంచారా? చొక్కాకి వదిలినట్టు లోపల విప్పడానికి మడతేమన్నా ఉందా తల్లీ?"

"మడత లేదు పెద్దాయనా. వాపు తగ్గాక ఎముకనే పైకెత్తి, స్టీలు పట్టీ పెట్టి మూయాలి."

రెండు రోజులు అతను ముద్ద మింగలేదు. కూతురి ఛాతీ తలుపు తీసిన ఇల్లులా ఉందన్న తలపు వదల్లేదు. మూడో రోజు పిల్లని మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. అతను సంచిలోంచి ఆమె చొక్కా తీసి, బ్లేడుతో కుట్లు విప్పి దూది లాగసాగాడు. వేలు తెగింది.

"సొంత వేలు కత్తిరించుకునే దర్జీని ఇవాళే చూస్తున్నా," అంది పక్కనే కూర్చున్న అతని అక్క, కళ్లు తుడుచుకుంటూ. "ఇటివ్వరా, నేను తీస్తా."

"వద్దక్కా. పెట్టింది నేను."

సాయంత్రానికి ఛాతీ మూశారు. గుండె తట్టుకుంది. మర్నాడు నోట్లోని ఊపిరి గొట్టం తీశాక పిల్ల కళ్లు తెరిచి, పీలగా అంది:

"నాన్నా... బిగుతుగా ఉంది."

అతని చెయ్యి అలవాటుగా ఆమె మెడ దగ్గరి గుడ్డ మీదికి పోయింది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుని, చెప్పులైనా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తాడు. "డాక్టరమ్మా! బిగుతంటోంది! తొందరగా రా తల్లీ!"

ఆమె వచ్చి పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, తెర మీది గీతలు చూసింది. "పట్టీ నొప్పి పెద్దాయనా. గుండె బాగుంది."

"ఇంకోసారి విను తల్లీ," అన్నాడు.

ఆమె మళ్లీ వంగింది.